గవర్రాజు గారి రెండో హాలు

ముందు ఆ ఫోను కింద పెట్టండి. మీకే చెబుతున్నాను. నిన్న విడుదలైన సినిమాని ఇవాళ పొద్దున్నే మంచం మీద పడుకుని చూస్తున్నారే, అది ఎవరు పంపారు, ఎక్కడ దొంగిలించి పంపారు అని ఒక్కసారైనా అడిగారా? "అందరూ చూస్తున్నారండీ" అంటారు. అందరూ పక్కవాడి గోడ దూకుతుంటే మీరూ దూకుతారా? తీసినవాడు ఒకడు, దాన్ని ఊరూరా పంచేవాడు ఒకడు, హాలు కట్టి ఆడించేవాడు ఒకడు. ఆ ముగ్గురి చేతుల మీదుగా గుమ్మంలోంచి రావలసింది కిటికీలోంచి వస్తే దాన్ని దొంగతనమనే అంటారు. పైగా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూస్తున్నారు. సిగ్గుండాలి. సరే, పెట్టారుగా, ఇక వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చివరిదాకా మాత్రం వినాలి.

ఇళ్ళలో టీవీలు లేని రోజుల మాట. గోదావరి లంకల్లో మామిడిలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో కాలువ రేవు పక్కనే ఉలవల వారి ఇల్లు. ఇంట్లో ముగ్గురే. పెద్దవాడు తాతాలు, వాడి పెళ్ళాం సుబ్బాయమ్మ, తమ్ముడు బుల్లియ్య. తెలివంటే తమదే తెలివని ముగ్గురికీ గట్టి నమ్మకం.

"లోకంలో గొడవలన్నీ ఎందుకొస్తున్నాయో తెలుసా తమ్ముడూ?" అనేవాడు తాతాలు అరుగు మీద కూర్చుని.

"ఎందుకన్నయ్యా?"

"చెప్పేది ఒకటి, చేసేది ఒకటి కాబట్టి. మనింట్లో ఆ జబ్బు లేదు. ఏం చెబితే అదే చేస్తాం. ఒక్క పిసరు ఎక్కువ లేదు, ఒక్క పిసరు తక్కువ లేదు."

"మా పుట్టింట్లో కూడా ఇంత తెలివి లేదండీ" అని సుబ్బాయమ్మ మురిసిపోయేది.

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, ఒకసారి క్షవరం చేసే వీరన్న "తల కదపకు" అన్నాడు తాతాలుతో. క్షవరం అయింది. "ఇక కదుపుకో" అనడం వీరన్న మరిచిపోయాడు. అంతే. తాతాలు రెండు రోజులు తల కదపలేదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరిగేవాడు. మూడో రోజు వీరన్న చూసి, "అయ్యో, తల దించవయ్యా బాబూ" అన్నాడు. అప్పట్నుంచి ఇంకో రెండు రోజులు దించిన తల ఎత్తలేదు.

బుల్లియ్య అంతకంటే ఘనుడు. పొరుగాయన "ఈ గేదె పలుపు కాస్త పట్టుకో, ఇప్పుడే వస్తాను" అని వెళ్ళి, దారిలో బావమరిది కనబడితే వాళ్ళూరు పోయి మూడోనాడు వచ్చాడు. వచ్చి చూస్తే బుల్లియ్య అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో పలుపుంది, గేదె లేదు.

"నా గేదె ఏదిరా?"

"మొన్ననే తెంపుకుని పోయింది. నువ్వు పట్టుకోమంది పలుపే కదా?"

ఇలాంటి ఇంటికి ఒకనాడు గవర్రాజు గారు నడిచి వచ్చాడు.

గవర్రాజుకి మామిడిలంకలో ఒక పాక టాకీసు, కాలువ అవతల గోగులంకలో ఇంకో పాక టాకీసు ఉండేవి. తాటాకు కప్పు, తడికల గోడలు, లోపల నల్లగుడ్డ చుట్టేస్తే పట్టపగలు కూడా చీకటే. ఒక్కో హాలుకీ ఒకటే మెషిను. ఒక రీలు అవగానే దీపాలు వేసేవారు, రెండో రీలు ఎక్కించేదాకా జనం సోడాలు తాగేవారు.

సినిమా కంపెనీ వాళ్ళు బొమ్మని పెట్టెలో పెట్టి పంపుతారు. ఒక పెట్టె ఒక హాలుకే. రెండు హాళ్ళకి రెండు పెట్టెలు తెచ్చుకోవాలి. అది పద్ధతి. మరి గవర్రాజు ఏం చేశాడు? "గోగులంక హాలు మూసేశానండీ" అని కంపెనీకి ఉత్తరం రాసేశాడు. ఒకే పెట్టె తెప్పించి, ఇక్కడ ఒక రీలు అవగానే దాన్ని గుట్టుగా కాలువ దాటించి, అక్కడ ఎక్కించేవాడు. ఇక్కడ నాలుగో రీలు ఆడుతుంటే అక్కడ రెండో రీలు. ఇలా రెండేళ్ళు గడిచింది. ఒంటికి పట్టిన బురదైతే కడిగితే పోయేది, ఇది అలవాటు.

అంతలో కంపెనీ నుంచి కబురొచ్చింది. పండక్కి పెద్ద సినిమా వస్తోంది, లంకలన్నిటికీ కలిపి ఒకే ఒక్కడికి ఇస్తాం, మీ నడవడి చూసి నిర్ణయిస్తాం, ఆదివారం మా రిప్రజెంటేటివ్ పద్మనాభం గారు వచ్చి చూస్తారు అని. గవర్రాజుకి ఆ సినిమా దొరికితే పాక పీకేసి పక్కా హాలు. మామిడిలంకలో అప్పటికే ఇటుక గోడలు నడుమెత్తు లేచి ఉన్నాయి. ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ గోడల్ని నిమిరి వచ్చేవాడు. దొరక్కపోతే ఆ గోడలు అలా నిలిచిపోవలసిందే.

పోనీ ఆ ఒక్క ఆదివారం గోగులంక ఆట ఆపితే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. ఆపలేకపోయాడు. అదే వచ్చిన చిక్కు. పైగా అంతవరకూ రీళ్ళు మోసే మనిషి "ఇది తప్పు కదండీ, ఆ పద్మనాభం గారు అడిగితే నేను అబద్ధం చెప్పలేను" అని పని మానేశాడు. ఎందుకు, ఏమిటి అని అడగని మనుషులు కావాలి గవర్రాజుకి. ఉలవల వారింటికి వచ్చింది అందుకే.

"ఒరే తాతాలూ, నువ్వు సైకిలు మీద హాలు నుంచి రేవుదాకా రీళ్ళు తేవాలి. ఎక్కడా ఆగకూడదు. అర్థమైందా?"

"ఎక్కడా ఆగను బాబుగారూ."

"సుబ్బాయమ్మా, బల్లకట్టు వచ్చేదాకా రీలు నీ దగ్గర ఉంటుంది. అది పసిపిల్లతో సమానం. పసిపిల్లని ఎలా చూసుకుంటావో అలా చూసుకోవాలి."

"ఆడపిల్లా, మగపిల్లాడా బాబుగారూ?"

"ఏదైతేనేం? ఆడపిల్లే అనుకో!"

"ఎన్నో నెల?"

"నా బొంద నెల! బుల్లియ్యా, నువ్వు బల్లకట్టు మీద కాలువ దాటించి గోగులంక హాల్లో ఇవ్వాలి. డబ్బాలో ఏముందని ఎవరడిగినా అప్పడాలని చెప్పు. సినిమా అన్న మాట నీ నోట రాకూడదు."

"అప్పడాలు" అన్నాడు బుల్లియ్య వెంటనే.

"ఇప్పుడు కాదురా!"

"చూశావా వదినా," అన్నాడు బుల్లియ్య గవర్రాజు వెళ్ళాక, "ఇంత పెద్ద మనిషి ఊళ్ళో అందర్నీ వదిలేసి మన దగ్గరికే వచ్చాడు. తెలివికి విలువ ఎక్కడికీ పోదు."

ఆదివారం వచ్చింది. పద్మనాభం గారూ వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, ముక్కు మీద కళ్ళజోడు. మాట తక్కువ. మధ్యాహ్నం ఆటకి మామిడిలంక హాల్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. గవర్రాజు పక్కన నిలబడి విసనకర్ర విసురుతున్నాడు. మొదటి రీలు అయింది. వెనక తడిక సందులోంచి రీలు డబ్బా బయటికి జారింది. తాతాలు సైకిలెక్కాడు.

రేవుకి వచ్చాడు. ఇల్లు కనబడింది, పెళ్ళాం గుమ్మంలో చేతులు చాపి నిలబడింది. ఎక్కడా ఆగొద్దన్నారు కదా? ఆగలేదు. ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఆగండి, డబ్బా తీసుకుంటాను!"

"ఆగకూడదే! పరిగెత్తుతూ తీసుకో!"

ఇంకేముంది, తాతాలు ముందు, సుబ్బాయమ్మ వెనక. ఏడు చుట్లు తిరిగారు. కోళ్ళు ఇంటికప్పెక్కాయి. ఎనిమిదో చుట్టులో సుబ్బాయమ్మ ఒక్క దూకు దూకి క్యారియరు మీది డబ్బా లాక్కుంది. తాతాలు అదే ఊపులో వెనక్కి హాలుకి పోయాడు. అక్కడైనా ఆగాడా? ఒక గుమ్మంలోంచి హాల్లోకి దూరి, బెంచీలకీ తెరకీ మధ్యనుంచి పోయి, అవతలి గుమ్మంలోంచి బయటపడ్డాడు. తెర మీద హీరో తండ్రి మంచాన పడి ఆఖరి మాటలు చెబుతున్నాడు. ఆయన గుండెల మీదుగా సైకిలు నీడ గంట కొట్టుకుంటూ పోయింది. జనం ఈలలు వేశారు.

పద్మనాభం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ సైకిలు బొమ్మలో లేదే?"

"మా ఊరి హాల్లో గాలి ఎక్కువండీ" అన్నాడు గవర్రాజు చెమటలు కక్కుతూ.

"గాలికి సైకిలొచ్చిందా?"

"మా గాలి అలాంటిదండీ."

అక్కడ సుబ్బాయమ్మ ఏం చేస్తోంది? పసిపిల్లని ఎలా చూసుకుంటారో అలా చూసుకుంటోంది. డబ్బా మూత తీసింది. నల్లగా, చుట్టలు చుట్టుకుని ఉంది పిల్ల. "అయ్యో, ఎన్నాళ్ళైందో నీళ్ళు పోసి!" అనుకుంది. గిన్నెడు ఆముదం పట్టించింది. సున్నిపిండి రుద్దింది. గోరువెచ్చటి నీళ్ళు పోసింది. తుడిచి, సాంబ్రాణి వేసి, దిష్టి తగలకుండా డబ్బా మూతకి కాటుక చుక్క పెట్టింది. ఉగ్గుగిన్నెతో పాలు కూడా పట్టింది.

"తాగిందా వదినా?" అన్నాడు బుల్లియ్య.

"మొత్తం కక్కేసింది. కానీ ఏడవలేదయ్యా. ఎంత బుద్ధిమంతురాలో!"

అంతే. గోగులంక హాల్లో ఆ రీలు ఎక్కించేసరికి బొమ్మ తెర మీద నిలబడలేదు. హీరో జారాడు, హీరోయిన్ జారింది, వెనక ఉన్న కొండ కూడా జారింది. హాలంతా సాంబ్రాణి వాసన. ముందు బెంచీలవాళ్ళు దేవుడి సీను వస్తోందేమోనని చెప్పులు విప్పారు.

ఇలా నాలుగు రీళ్ళకి తలంట్లు అయ్యాయి. ఐదో రీలు కోసం బుల్లియ్య వస్తే సుబ్బాయమ్మ నోటి మీద వేలేసుకుంది.

"ష్! ఇప్పుడే కునుకు పట్టింది. నిద్రపోయే పిల్లని లేపితే పాపం."

"మరి నేనేం పట్టుకెళ్ళను?"

"ఆరోది మెలకువగానే ఉంది, దాన్ని తీసుకెళ్ళు. ఎండ తగలకుండా చూడు."

బుల్లియ్య ఆరో రీలు ఎత్తుకుని బల్లకట్టెక్కాడు. దాని మీద గోగులంక వెళ్ళే ఒకావిడ బియ్యం సంచితో కూర్చుని ఉంది.

"ఆ డబ్బాలో ఏముంది నాయనా?"

"అప్పడాలు."

"మంచివేనా? ఇంటికి చుట్టాలొచ్చారు. ఓ నాలుగు ఇద్దూ, బదులుగా బియ్యం కొలుస్తాను."

బుల్లియ్య ఆలోచించాడు. అప్పడాలని చెప్పి, అడిగితే ఇవ్వనంటే ఆ చెప్పింది అబద్ధమైపోతుంది. ఉలవల వారింట్లో అబద్ధం లేదు. మూత తీశాడు. నాలుగు అప్పడాలు లేవు. ఒకటే అప్పడం ఉంది, చాలా పొడుగ్గా.

"మీ ఇంట్లో ఇలా చేస్తారా?" అంది ఆవిడ.

"ఎలా చేస్తారో తెలీదండీ. నాలుగు బారలు సరిపోతుందా?"

"సరిపోతుంది. నూనెలో వేస్తే పొంగుతుందా?"

"పొంగమని ఎవరూ చెప్పలేదండీ."

రెండు చేతులూ చాపి నాలుగు బారలు కొలిచి తెంపి ఇచ్చాడు. ఆ నాలుగు బారల్లో ఏముందో తెలుసా? పెళ్ళి. హీరో హీరోయిన్ మెళ్ళో తాళి కట్టే సీను మొత్తం బియ్యానికి పోయింది.

గోగులంక హాలు చేరి బుల్లియ్య డబ్బా ఇచ్చాడు. "ఇదిగో, అప్పడాలు."

"అప్పడాలేమిట్రా, రీలేదీ?" అన్నాడు ఆపరేటరు.

"అప్పడాలు" అన్నాడు బుల్లియ్య. ఇంకోమాట అనకూడదు కదా.

ఆపరేటరు నెత్తి కొట్టుకుని దాన్నే ఎక్కించాడు. ఇంకేముంది! నాలుగో రీలు చివర హీరో హీరోయిన్ చెట్టు దగ్గర నిలబడి సిగ్గుపడ్డారు. ఇది తిరగగానే ఉయ్యాల, పాప, బారసాల పాట! ముత్తయిదువలు పసుపు కుంకాలు పంచుకుంటున్నారు.

ఆడవాళ్ళ బెంచీల్లోంచి కాంతమ్మ గారు లేచింది. గోగులంకలో ఏ పెళ్ళి జరిగినా ఆవిడ చేతుల మీదుగానే జరగాలి.

"పెళ్ళేదీ?" అని అరిచింది. "పెళ్ళి లేకుండా బారసాలేమిటి? ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చాం మేము! ఎవడ్రా ఈ బొమ్మ ఆడిస్తున్నది? గవర్రాజేగా? వాణ్ణే అడుగుతాను!"

చెంగు బిగించి, బల్లకట్టెక్కి, కాలువ దాటి, తిన్నగా మామిడిలంక హాల్లోకి వచ్చింది. పద్మనాభం గారు కుర్చీలో ఉన్నారు. గవర్రాజు విసనకర్రతో ఉన్నాడు.

"ఏవయ్యా గవర్రాజూ! నీకూ కూతుళ్ళున్నారా లేదా? తాళి కట్టించకుండా బారసాల చేయిస్తావా?"

పద్మనాభం గారు నెమ్మదిగా అటు తిరిగారు. "ఎక్కడ చూశావమ్మా ఇది?"

"ఎక్కడేమిటి, మా గోగులంక హాల్లో! ఇప్పుడే!"

"ఆ హాలు మూసేశామని రాశారే?"

"మూసేశానండీ!" అన్నాడు గవర్రాజు. "ఈవిడ ఎండన పడి వచ్చింది. ఏదో కల కని ఉంటుంది."

"నీ మొహం కల! నాతోపాటు మూడొందల మంది కన్నారా కల?"

"అయితే పదండి," అన్నారు పద్మనాభం గారు గొడుగు అందుకుంటూ. "మూసిన హాలు ఒకసారి చూసి, కొత్త సినిమా కాగితం అక్కడే రాసి ఇచ్చేస్తాను."

గవర్రాజుకి ఇంకా ఆశ చావలేదు. సరిగ్గా అప్పుడే తాతాలు సైకిలు మీద మళ్ళీ హాల్లోకి దూరాడు. గవర్రాజు పక్కనే పరిగెడుతూ వాడి చెవిలో చెప్పాడు. "తాతాలూ, నా పరువు నీ చేతుల్లో ఉంది. మేం వచ్చేసరికి గోగులంకలో నా హాలు ఆయన కంటికి కనబడకూడదు. ఏం చేస్తావో చెయ్యి!"

తలుపులు వేసి, జనాన్ని పంపేసి, నాలుగు తాటాకులు అడ్డం పెడతాడని ఆయన ఉద్దేశం. కానీ ఉద్దేశం చెప్పలేదు. మాట మాత్రమే చెప్పాడు.

తాతాలు సైకిలు ఎత్తుకుని బల్లకట్టెక్కి గోగులంక చేరాడు. బల్లకట్టు వెనక్కి వచ్చి పెద్దవాళ్ళని ఎక్కించుకునేలోపల అన్నదమ్ములిద్దరూ కత్తులు తీశారు.

"హాలు కనబడకూడదంటే ఏం చెయ్యాలన్నయ్యా?"

"హాలు ఉండకూడదు. ఉంటే కనబడుతుంది."

"జనం మాటేమిటి?"

"జనం గురించి ఏమీ అనలేదు. వాళ్ళని కదపకు."

తడికల కట్లు తెంపారు. తాటాకు కప్పు లాగేశారు. నల్లగుడ్డ చుట్టబెట్టారు. అన్నిటినీ మోసుకెళ్ళి కాలువలో వేశారు. లోపల కూర్చున్నవాళ్ళలో కొందరు, గాలి వస్తోంది బాగుంది అని వాళ్ళకి సాయం కూడా పట్టారు.

కాలువ మధ్యలో బల్లకట్టు మీద పద్మనాభం గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఒక తడిక తేలుతూ పోయింది. ఇంకో తడిక పోయింది. ఆ వెనక ఒక పెద్ద బోర్డు వెల్లకిలా తేలుతూ వచ్చింది. పద్మనాభం గారు వంగి చదివారు. "గోగులంక టాకీసు. నేటి చిత్రం..." ఇవాళ్టి సినిమా పేరే. కింద, "యజమాని, గవర్రాజు."

"ఎవరిదో అయ్యుంటుందండీ" అన్నాడు గవర్రాజు.

కాంతమ్మ గారు ఆయన్ని ఎగాదిగా చూసింది.

గట్టెక్కి చూస్తే ఏముంది! పట్టపగలు, మిట్ట ఎండలో, మూడొందల మంది బెంచీల మీద బుద్ధిగా కూర్చుని తెల్లగుడ్డకేసి చూస్తున్నారు. గుడ్డ మీద ఎండ తప్ప ఏమీ లేదు. మెషిను గిరగిరా తిరుగుతోంది. ఎక్కణ్ణుంచో హీరో గొంతు మాత్రం, "నేను ఏ తప్పూ చెయ్యలేదు, నన్ను నమ్ము!" అని ఏడుస్తోంది.

తాతాలు చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "చూడండి బాబూ, బాగా చూడండి. మీకు హాలు కనబడుతోందా?"

"లేదు నాయనా," అన్నారు పద్మనాభం గారు. "హాలు ఒక్కటే కనబడటం లేదు."

ఆయన తిట్టలేదు, కేకలు వెయ్యలేదు. జేబులోంచి తీసిన కాగితాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "గవర్రాజు గారూ, కొత్త సినిమా మీకు రాదు. ఈ సంగతి నేను మిగతా కంపెనీలవాళ్ళకీ చెప్పాలి, చెబుతాను. ఇక ఏ పెట్టె కూడా మీ గుమ్మం ఎక్కదు." ఆ మాట అని మళ్ళీ బల్లకట్టెక్కారు.

గవర్రాజు ఉలవల వారి మీద విరుచుకుపడ్డాడు. "దరిద్రుల్లారా! నన్ను ముంచేశారు కదరా!"

తాతాలు నొచ్చుకున్నాడు. "మీరు చెప్పిన మాటల్లో మేం చెయ్యనిది ఏదో ఒకటి చూపించండి బాబుగారూ."

గవర్రాజు కాలువ దాటి తన ఇంటికొచ్చాడు, వెనకే అన్నదమ్ములూ వచ్చారు. ఇంటి అరుగు మీద కూలబడి, తల పట్టుకుని, "అయిపోయింది. ఇక నా హాల్లో జనం చూడ్డానికి నా ఏడుపు తప్ప ఏమీ మిగల్లేదు" అన్నాడు.

"ఏ ఆటకి బాబుగారూ?" అన్నాడు బుల్లియ్య.

"అన్ని ఆటలకీను! పో ఇక్కణ్ణుంచి!"

అంతే. మర్నాడు పొద్దున్నే రెండు ఊళ్ళలోనూ డప్పు మోగింది. ఎడ్లబండి మీద తాతాలు రేకు గొట్టం నోటికి పెట్టుకుని అరుస్తున్నాడు. "నేడే చూడండి! మామిడిలంక హాల్లో గవర్రాజు గారి ఏడుపు! అన్ని ఆటలకీ! ఆడవాళ్ళకి వేరే బెంచీలు! రండి బాబూ, రండి!"

మధ్యాహ్నం గవర్రాజు హాలుకి తాళం వేద్దామని వెళ్ళాడు. లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. సోడాలమ్ముతున్నారు. ఆయన లోపలికి రాగానే దీపాలు ఆరిపోయాయి. సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తెర ముందు పీట మీద కూర్చోబెట్టింది. బుల్లియ్య ఆయన మొహం మీదికి మెషిను దీపం తిప్పాడు.

"ఏమిట్రా ఇది?" అన్నాడు గవర్రాజు.

ముందు బెంచీలోంచి కాంతమ్మ గారు చెంగు సర్దుకుంది. "కానీ నాయనా, మొదలుపెట్టు. ఈసారైనా మధ్యలో ముక్కలు తీసెయ్యకుండా పూర్తిగా కానియ్యి."

గవర్రాజు తల తిప్పి చూశాడు. తడిక సందులోంచి నడుమెత్తున ఆగిపోయిన తన ఇటుక గోడలు కనబడ్డాయి. నిజంగానే, వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలవాళ్ళు "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచారు.

కంపెనీ పెట్టె ఆ గుమ్మం మళ్ళీ ఎక్కలేదు. ఆయన ఏడుపు మాత్రం ఆ హాల్లో ఎనిమిది రోజులు, రోజుకి రెండేసి ఆటలు ఆడింది.